పాము చెవులు, నాగస్వరం, మేం చెప్పిన తప్పు

"కాకా, పాముకు చెవుడని చెప్పినవు గద. కాదట!"

సూరత్ లోని లింబాయత్ లో మా అన్న కొడుకు నన్ను ఇలా నిలదీశాడు. లింబాయత్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. పవర్ లూమ్ ల మీద బతకడానికి తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన నేతకుటుంబాలు వేల సంఖ్యలో ఉండే ప్రాంతం అది. బాబాయిని గుజరాతీలూ కాకా అనే అంటారు, మా వైపూ కాకా అనే అంటారు కాబట్టి ఆ పిల్లవాడికి ఆ మాటతో ఇబ్బంది లేదు. ఇబ్బంది నాకొచ్చింది. ఎందుకంటే పాముకు చెవుడు అని నేను వాడికి ఒక్కడికే చెప్పలేదు. హేతువాద సంఘం తరఫున ఊళ్ళలో, బడుల్లో ఇచ్చిన ప్రతి ఉపన్యాసంలోనూ చెప్పాను. మా కరపత్రంలో అచ్చేశాం కూడా. "పాముకు చెవులు లేవు, దానికి ఏమీ వినపడదు, కాబట్టి నాగస్వరం విని ఆడటం అబద్ధం" అని మూడు ముక్కల్లో తేల్చేసేవాళ్ళం. చప్పట్లు కూడా బాగానే పడేవి.

ఇందులో చివరి ముక్క నిజం. మొదటి ముక్క సగం నిజం. మధ్య ముక్క తప్పు.

సరే, మొదటి నుంచీ చూద్దాం. సూరత్ లో ఈ సంగతి శ్రావణంలో బాగా కళ్ళబడుతుంది. తెలంగాణ వాళ్ళు శ్రావణ శుద్ధ పంచమి నాడు పుట్టలో పాలు పోస్తారు. పక్కింటి గుజరాతీ వాళ్ళు పదిహేను రోజులాగి, కృష్ణాష్టమికి మూడు రోజుల ముందు, బహుళ పంచమి నాడు నాగ పూజ చేస్తారు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలుంటే కార్తీక శుద్ధ చవితి దాకా ఆగుతాయి. ఒకే పాముకి మూడు పండగలు! ఏ రోజు పాలు తాగాలో పాపం దానికి ఎవరు చెబుతారో తెలీదు. ఈ పండగల్లో ఒకప్పుడు బుట్ట, సొరబుర్ర వాద్యం పట్టుకుని వాదీలు వీధుల్లో తిరిగేవారు. గుజరాత్ లో పాములాడించేవాళ్ళని వాదీలు అంటారు, అక్కడి సంచారజాతుల జాబితాలో వాళ్ళు ఉన్నారు. మన వైపు పాములవాళ్ళు చేసేదీ ఇదే పని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పామును పట్టి బుట్టలో పెట్టడం నేరమైంది. ఆ చట్టం అమలు గట్టిపడుతున్నకొద్దీ వీళ్ళు తగ్గిపోయారు.

ఆ వాద్యాన్ని మనం నాగస్వరం అంటాం, పల్లెల్లో నాగసరం. హిందీలో బీన్, పుంగీ. గుజరాత్ లో మొర్లీ లేదా మహువర్. తమిళంలో మగుడి. (గుళ్ళో, పెళ్ళిళ్ళలో వాయించే నాదస్వరం వేరే. తమిళనాట దాన్నీ నాగస్వరం అనేవాళ్ళున్నారు, అక్కడ అదో పెద్ద వివాదం. మనకిప్పుడు దానితో పని లేదు.)

పాము సంగతి పక్కన పెట్టి ఒకసారి ఆ వాద్యాన్ని మాత్రం చూడండి. ఎండిన సొరబుర్ర. దాని అడుగున తేనెమైనంతో అతికించిన రెండు గొట్టాలు. ప్రతి గొట్టం పైకొసన, బుర్ర లోపల, ఒక పీక. వెదురునో రెల్లునో చీల్చి చేసిన సన్నటి నాలుక అది. ఒక గొట్టం శ్రుతి పట్టుకుని ఉంటుంది, రెండోదానికి బెజ్జాలుంటాయి, దాని మీద పాట నడుస్తుంది. సన్నాయిలో పీకను పెదవులతో పట్టుకుంటారు. ఇందులో పీకకి పెదవి తగలదు. ఊదిన గాలి ముందు బుర్రలోకి పోతుంది, అక్కణ్ణించి రెండు పీకలకీ సమంగా అందుతుంది. వాయించేవాడు బుగ్గల్లో గాలి నిలవ చేసుకుని, ముక్కుతో పీలుస్తూనే నోటితో వదులుతుంటాడు. అందుకే ఆ పాటకి ఊపిరి తీసుకునే చోటు ఉండదు, తెగకుండా సాగుతుంది. మోటారు లేకుండా, లోహం లేకుండా, తోటలో కాసే కాయతో ఇంత పని చేయించిన మనిషిని మెచ్చుకోవాలా వద్దా? మెచ్చుకోవాల్సిన చోట మనవాళ్ళు పాముని చూశారు.

ఇక చెవుల దగ్గరకి వద్దాం. ఈ విషయంలో మన భాషే రెండు నాలుకలతో మాట్లాడుతుంది. ఎవడికైనా చిన్న గుసగుస కూడా వినబడితే "వాడివి పాము చెవులు" అంటాం. అమరకోశం పాముకిచ్చిన పేర్లలో ఒకటి చక్షుశ్శ్రవం. కళ్ళతో వినేది అని అర్థం. అంటే ఎవరో పాము తలని జాగ్రత్తగా చూసి, చెవి కనబడక, కంటికే ఆ పని అప్పగించారన్నమాట. (వెంటనే "మనవాళ్ళకి అప్పుడే అంతా తెలుసు" అని ఉత్తరాలు రాయకండి. కంటితో వినడం అనేది ఏ జీవికీ లేదు. చూసింది సరిగ్గానే చూశారు, చెప్పిన కారణం తప్పు.) మన దేశం బయటా ఈ గొడవ పాతదే. బైబిల్లో 58వ కీర్తన మంత్రగాడి గొంతు వినబడకుండా చెవి మూసుకునే పాముని దుర్మార్గులకి పోలిక తెస్తుంది. అంటే ఆ రోజుల్లోనే మంత్రం పారని పాములు జనానికి ఎదురైనట్టున్నాయి!

పాముకి బయటి చెవి లేదు. కర్ణభేరి లేదు. మనం ఇంతవరకే చెప్పి ఆపేశాం. కానీ లోపలి చెవి ఉంది. దానికి ఆనుకుని ఒక సన్నటి ఎముక, ఆ ఎముక రెండో కొస దవడని మోసే ఎముకకి అతుక్కుని ఉంటుంది. నేల అదిరితే దవడ అదురుతుంది, ఆ అదురు లోపలి చెవికి చేరుతుంది. ఇంతవరకూ పాత పుస్తకాల్లోనూ ఉంది. "నేల మీది అదురు తెలుస్తుంది, గాలిలో వచ్చే చప్పుడు తెలియదు" అని అవి తేల్చేశాయి, మనం దాన్నే వల్లించాం.

కానీ 1960 లోనే వీవర్, వెర్నన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పాముల లోపలి చెవికి తీగలు తగిలించి, గాలిలో వచ్చే శబ్దానికి కూడా అది స్పందిస్తోందని చూపించారు. 1971లో పీటర్ హార్ట్ లైన్ అదే విషయాన్ని మెదడు దాకా తీసుకెళ్ళి రూఢి చేశాడు. 2012లో డెన్మార్క్ లో క్రిస్టెన్సెన్ బృందం ఒక జాతి కొండచిలువ మీద పనిచేసి, అది ఎలా జరుగుతోందో చెప్పింది: గాలిలో వచ్చే శబ్దం పాము పుర్రెనే కొంచెం అదిరిస్తుంది, ఆ అదురుని చెవి పట్టుకుంటుంది. బాగా పట్టుకునేది 80 నుంచి 160 హెర్ట్జ్ మధ్యలో, అంటే పెద్ద డప్పు, మగవాడి బొంగురు గొంతు లాంటి లోతు శబ్దాలు. 2023లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్ లాండ్ లో క్రిస్టినా జ్డెనెక్, ఆమె సహచరులు 19 పాములకి 450 హెర్ట్జ్ లోపు శబ్దాలు వినిపించి చూశారు. నేల అదరని శబ్దాలకి కూడా పాములు కదిలాయి. కొన్ని విషసర్పాలు శబ్దానికి దూరంగా జరిగాయి, వోమా అనే కొండచిలువలు దగ్గరకి వచ్చాయి. మన నాగుపాము ఆ 19లో లేదు. అయినా "పాముజాతికి చెవుడు" అని ఇక అనలేం.

మా అన్న కొడుకు యూట్యూబ్ లో చూసింది ఈ ప్రయోగం గురించే. వాడి వయసు పన్నెండు. ఆ మొదటి పరిశోధన జరిగి అరవై ఏళ్ళు దాటింది. ఈ లోగా మేం ఎన్ని కరపత్రాలు పంచామో! ఎదుటివాడి నమ్మకాన్ని పరీక్షకి నిలబెట్టమని అడిగే మనం, మనకి అనుకూలంగా ఉన్న ఒక వాక్యాన్ని ఎన్నడూ పరీక్షించలేదు. పైగా అదే వాక్యాన్ని ఎవరైనా పురాణంలోంచి తెచ్చి ఉంటే "ఆధారమేది?" అని పదిసార్లు అడిగి ఉండేవాళ్ళం.

మరి పాముకి వినబడుతుంది కాబట్టి నాగస్వరం విని ఆడుతోందా? లేదు. వినడం వేరు, పాటకి తల ఊపడం వేరు. నాగస్వరం కీచు వాద్యం, పాము చెవి లోతు శబ్దాల చెవి. ఆ పీకపాట దానికి చాలావరకు మసకగానే చేరుతుంది. ఆడించేది పాట కాదు, బుర్ర. బుట్ట మూత తీయగానే వెలుగు, ఎదురుగా పెద్ద ఆకారం. నాగుపాము బెదిరి తన ఒంట్లో మూడో వంతు దాకా పైకి లేచి పడగ విప్పుతుంది. అది నాట్యం కాదు, "దగ్గరకి రాకు" అనే బెదిరింపు. ఎదురుగా సొరబుర్ర అటూ ఇటూ ఊగుతుంటే, ఎటు నుంచి దెబ్బ వస్తుందోనని దాన్నే చూస్తూ తానూ ఊగుతుంది. లేచినంత ఎత్తుకి మించి అది పెద్దగా ముందుకి కాటు వేయలేదు. వాయించేవాడికి ఆ దూరం బాగా తెలుసు, అక్కడే కూర్చుంటాడు. వాడి అసలు విద్య అది. పరీక్ష కూడా తేలికే. బుర్ర కదపకుండా ఊది చూడాలి. తర్వాత ఊదకుండా బుర్ర ఊపి చూడాలి. ఊదకుండా ఊపినా పాము ఊగుతుంది. పిడికిలి ఊపినా ఊగుతుంది. (పామును పట్టి మీరు చేయొద్దు. ప్రాణానికి ప్రమాదం, పైగా నేరం.)

పాలు తాగడం కథా ఇంతే. రోజుల తరబడి నీళ్ళివ్వకుండా మాడ్చిన పాము ముందు ఏ తడి పెట్టినా మూతి పెడుతుంది. కోరలు పీకేసిన నోరు కుళ్ళి, చివరికి చస్తుంది. పూజ అనుకుని మనం దక్షిణ ఇచ్చింది దీనికి.

ఇక సినిమా వాళ్ళ సాయం చెప్పక తప్పదు. 1954లో వచ్చిన హిందీ సినిమా నాగిన్ తర్వాత దేశమంతటికీ "పాము పాట" అంటే ఒకటే పాట. సూరత్ బారాత్ లో బ్యాండు అది ఎత్తుకోగానే పెళ్ళికొడుకు మేనమామ నోట్లో చేతిరుమాలు కరుచుకుని రోడ్డు మీద దొర్లుతాడు, కరీంనగర్ లోనూ అదే దొర్లుడు. ఆ సినిమాలో వినబడే బీన్ అసలు బీన్ కాదు! సంగీతం హేమంత్ కుమార్ ది, ఆ శబ్దం కల్యాణ్ జీ క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం మీద వాయించింది. ఫ్రాన్స్ లో 1947లో కాన్ స్టంట్ మార్టిన్ తయారుచేసిన యంత్రమది. కచ్ఛ్ నుంచి వచ్చిన కుటుంబంలోని గుజరాతీ సంగీతకారుడు, ఫ్రెంచి యంత్రం, బెంగాలీ స్వరకర్త... వీళ్ళంతా కలిసి తయారుచేసిన పాటకి నాగదేవత పరవశించిపోతోంది. అసలు వాదీ వాయించే మొర్లీని రికార్డులో వినిపిస్తే "ఇది పాము పాట కాదే" అనేవాళ్ళని నేను చూశాను.

పున్నాగవరాళి సంగతి ఇంకొకటి. ఆ రాగం పాడితే పాములొస్తాయని, రాత్రిపూట ఇంట్లో పాడకూడదని చదువుకున్న వాళ్ళు కూడా చెబుతారు. ఎన్ని సభల్లో ఎన్నిసార్లు పాడలేదు? ఒక్క పాము టిక్కెట్టు కొనుక్కుని వచ్చిందా? పున్నాగ అంటే పొన్నచెట్టు. ఆ పేరులో "నాగ" అని వినబడటమే ఈ నమ్మకానికి సగం బలం అని నా అనుమానం.

ఇంత నవ్వుకున్నాక నవ్వు రాని లెక్క ఒకటి చెప్పాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి 58 వేల మంది అని, 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కకట్టింది. అందులో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. ఆ ఎనిమిదిలో గుజరాత్ ఉంది, తెలంగాణను కలుపుకున్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంటే లింబాయత్ కుటుంబాలు వదిలి వచ్చిన నేల, వచ్చి చేరిన నేల, రెండూ ఆ జాబితాలోనివే. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లో, ఆసుపత్రి బయటే చనిపోయారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు మన దేశంలోనే తయారవుతోంది. కాటుకీ ఆ మందుకీ మధ్య పోయే గంటలే ప్రాణం తీస్తాయి. ఆ గంటల్లో కొన్ని దారి లేక, బండి లేక పోతాయి. మిగతావి మంత్రగాడి గుమ్మంలో పోతాయి. పాముని పాటతో లొంగదీసేవాడు విషాన్నీ లొంగదీస్తాడనే నమ్మకం ఆ గుమ్మానికి దారి చూపిస్తుంది. నాగస్వరం మీద హేతువాదికి ఎందుకింత పట్టింపు అని అడిగేవాళ్ళకి నా జవాబు ఈ లెక్కే.

మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఏళ్ళ తరబడి పోరాడి, 2013 ఆగస్టు 20న హత్యకి గురయ్యాక వచ్చిన చట్టంలో దీనికి ప్రత్యేకంగా చోటుంది. పాము, తేలు, కుక్క కరిచినవాణ్ణి వైద్యానికి పోనివ్వకుండా ఆపి మంత్రాలు వేయడం అక్కడ నేరం. గుజరాత్ కూడా 2024 ఆగస్టులో చేతబడి, నరబలి వంటి వాటికి వ్యతిరేకంగా చట్టం చేసింది.

అన్నట్టు, సూరత్ కి ఈ విషయంలో మనకంటే పాత చరిత్ర ఉంది. 1844లో అక్కడ దుర్గారాం మెహతాజీ అనే బడిపంతులు, దాదోబా పాండురంగ్ మొదలైన స్నేహితులతో కలిసి మానవ ధర్మ సభ పెట్టాడు. మంత్రాలున్నాయనేవాళ్ళని బహిరంగంగా రమ్మని, అందరి ముందూ చేసి చూపించమని సవాలు చేశాడు. మన కందుకూరి వీరేశలింగం గారు పుట్టడానికి నాలుగేళ్ళ ముందు మాట ఇది. ఇప్పటికీ సూరత్ లో సత్యశోధక్ సభ పేరుతో హేతువాదులు పనిచేస్తున్నారు. తెలుగు హేతువాద పత్రికల్లో మాత్రం దుర్గారాం పేరు నాకు ఎక్కడా కనబడలేదు. అబ్రహాం కోవూర్ సవాలు గురించి మాట్లాడినప్పుడైనా ఈ పంతులు గుర్తుకి రావాలి.

మళ్ళీ సొరబుర్ర దగ్గరికి వద్దాం. సూరత్ నుంచి తూర్పుకి, దక్షిణానికి పోతే కొండలు మొదలవుతాయి. తాపీ జిల్లా (2007 దాకా అది సూరత్ జిల్లాలో భాగమే), డాంగ్, వల్సాడ్. అక్కడి ఆదివాసులకి రెండు వాద్యాలున్నాయి. వార్లీలది తార్పా, కోక్ణాలది పావ్రీ. రెండిటికీ పైన సొరబుర్ర, దాని నుంచి రెండు గొట్టాలు, గొట్టాల్లో పీకలు, కింద కొమ్ములాంటి నోరు. తార్పాకి ఆ నోరు తాటాకుతో చుట్టి చేస్తారు. బుర్ర, జంటగొట్టం, పీక... కొమ్ము తీసేస్తే ఇది మన పాములవాడి నాగస్వరమే! ఒకే కుటుంబం వాద్యాలు. కానీ తార్పా ముందు పాము లేదు. వాయించేవాడు మధ్యలో నిలబడితే ఊరి ఆడామగా ఒకరి నడుం ఒకరు పట్టుకుని అతని చుట్టూ పాములా మెలికలు తిరుగుతూ ఆడతారు. వార్లీ బొమ్మల్లో తెల్లటి గీతల మనుషులు చుట్టలా తిరుగుతూ కనిపిస్తారే, ఆ చుట్ట మధ్యలో ఉన్నది తార్పా వాయించే మనిషే. ఏటా హోళీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బార్ లో ఈ వాద్యాలు వినొచ్చు.

"చూశారా, ఆదివాసులకి మూఢనమ్మకం లేదు" అని నేను అనబోవడం లేదు. పంటలయ్యాక డోంగర్ దేవ్ కొలుపుల్లో పావ్రీ మోగుతుంటే మగవాళ్ళకి పూనకం వస్తుంది. పాట ఆగితే దేవుడు వెళ్ళిపోతాడంటారు. మన వైపు బవనీలు ఎల్లమ్మ కథ చెబుతూ జమిడిక వాయిస్తారు. ఒక వైపు తోలు బిగించిన డొల్ల, ఆ తోలు నుంచి ఒకటే తీగ, ఆ తీగను బిగిస్తూ వదులుతూ మీటితే శబ్దం మూలుగుతున్నట్టు పైకీ కిందికీ జారుతుంది. ఆ మూలుగు వినబడితే శిగాలు ఊగేవాళ్ళు మా ఊళ్ళో ఉండేవాళ్ళు. చిన్నప్పుడు నాకూ ఒళ్ళు జలదరించేది. మరి వాద్యంలో ఏదో ఉందా?

1962లో ఆండ్రూ నెహర్ అనే పరిశోధకుడు ఉందనే అన్నాడు. డప్పు దరువు మెదడు విద్యుత్తుని తన లయలోకి లాగుతుందని అతని వాదం. 1980లో ఫ్రెంచి సంగీత పరిశోధకుడు జిల్బేర్ రూజే పూనకం, సంగీతం మీద పెద్ద పుస్తకం రాసి ఈ వాదాన్ని తోసిపుచ్చాడు. దరువుకే ఆ శక్తి ఉంటే ఆఫ్రికా ఖండంలో సగం మంది ఏడాది పొడుగునా పూనకంలోనే ఉండాలని ఎత్తిపొడిచాడు. ఒకచోట డప్పుకి పూనకం వస్తుంది, ఇంకోచోట వేణువుకి, మరోచోట ఒట్టి పాటకి. అదే వాద్యం పెళ్ళిలో మోగితే ఎవరికీ ఏమీ రాదు. పూనకం వచ్చేది ఆ శబ్దానికి ఆ అర్థం నేర్చుకున్నవాళ్ళకి, నేర్చుకున్న చోట.

దీనికి ఉదాహరణ సూరత్ కి ఉత్తరాన, భరూచ్ జిల్లాలోనే ఉంది. రతన్ పూర్ దగ్గర కొండ మీద బావా గోర్ దర్గా. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల పీరు ఆయన. అక్కడి సిద్దీలు వాయించే మలుంగా అనే వాద్యం చూడాల్సిందే. విల్లు, దానికి ఒక తీగ, వీపున ఒక సొరబుర్ర, పుల్లతో కొడతారు. సముద్రం దాటి వచ్చిన వాద్యం అది. అక్కడ ఉరుసులో ఆ వాద్యాలకి పీరు ఒంటి మీదికి వస్తాడు, దయ్యం పట్టిందన్నవాళ్ళని కూడా అక్కడికి తెస్తారు. మన హైదరాబాద్ లోనూ సిద్దీలున్నారు, ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం వల్లే వచ్చింది. ఇక్కడ వాళ్ళూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ కలిసి పెంచిన మర్ఫా పాతబస్తీ పెళ్ళిళ్ళలో మోగుతుంది. జనం దానికి కత్తులు తిప్పుతూ ఆడతారు, ఇంటికెళ్ళి బిర్యానీ తింటారు. ఎవరికీ పీరు రాడు.

సొరబుర్ర మన దగ్గర ఇంకో పని కూడా చేసింది, అది నాకు చాలా ఇష్టమైన పని. కిన్నెర. వెదురుకర్ర, దాని కింద మూడు సొరబుర్రలు, పైన తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు, మెట్ల మీద తీగ. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరంలో కిన్నరీ వీణకి చోటుంది. అదే శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర వాయించి శివుణ్ణి మెప్పించి రోజూ కూలి పుచ్చుకునే కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. ఆ తర్వాత సభల వీణ సరస్వతి చేతికి ఎక్కింది, కిన్నెర డక్కలి వాళ్ళ చేతికి దిగింది. ఒకటి దైవవాద్యం, రెండోది అడుక్కునే వాద్యం! రెండిటికీ కర్ర, బుర్ర, మెట్టు, తీగ. తేడా తీగలో లేదు, పట్టుకున్నవాడి కులంలో ఉంది. వాద్యానికి మహిమ అంటగట్టడం ఒక మూఢనమ్మకమైతే, మైల అంటగట్టడం దానికి అన్న లాంటిది.

కిన్నెర మీద పాలమూరులో ఏం పాడారు? పండుగ సాయన్న, మియాసాబ్... దొరలని దోచి పేదలకి పెట్టారని జనం చెప్పుకునే మనుషుల కథలు. నాగర్ కర్నూల్ జిల్లా అవుసలకుంటకి చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరతో ఆ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రెండేళ్ళ తర్వాత, 2024లో, ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనిలో ఉన్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. పాత కిన్నెరల్లో అలుగు పొలుసులు, జంతువుల నరాలు, వెంట్రుకలు వాడేవారు. అలుగుని చంపడం కూడా వన్యప్రాణి చట్టం కింద నేరమే. కిన్నెర చేసేవాళ్ళు ఇనపతీగకీ, వేరే మెట్లకీ మారారు. వాద్యం పోలేదు.

నాగస్వరం అలా బతకలేకపోయింది. చట్టం పాముని తీసుకెళ్ళగానే వాద్యం కూడా మూగబోయింది. ఎందుకంటే ఆ సొరబుర్ర పాట వినడానికి ఎవరూ డబ్బివ్వలేదు, పాము ఊగడం చూడటానికే ఇచ్చారు. తెగని ఊపిరితో శ్రుతి మీద పాట నడిపే మనిషిని మన కచేరీలు పిలవలేదు, రేడియో కూడా పెద్దగా పట్టించుకోలేదు. పాముని లొంగదీస్తుందన్న గొప్ప పేరే దాన్ని సంగీతం కాకుండా చేసింది. చట్టం సరైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ కుటుంబాలకి ఇంకో దారి చూపడం ఎవరి పని? తమిళనాడులో 1978లో ఇరుళుల పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం ఏర్పడింది. పాము చర్మం వ్యాపారం ఆగిపోయిన ఆ ఆదివాసులు అనుమతితో పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. కాటు మందు తయారీకి ఆ విషమే ముడిసరుకు. వాళ్ళలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, 2023లో పద్మశ్రీ అందుకున్నారు. పాము మీద అదే నేర్పు, ఇక్కడ అబద్ధం అవసరం రాలేదు. సూరత్ కి దగ్గర్లో వల్సాడ్ జిల్లా ధరంపూర్ లో కూడా ఇప్పుడొక సర్ప పరిశోధన సంస్థ ఉంది. వాదీలలో ఎంతమందికి అలాంటి చోట పని దొరికిందో ఎవరైనా అడిగితే బాగుండు.

మా అన్న కొడుకుతో ఇదంతా చెప్పాను. "అయితే పాముకు వినపడ్తది, గని పాటకు ఆడది. అంతేనా?" అన్నాడు. అంతే. నేను ఇంతసేపు చెప్పింది వాడు ఒక్క ముక్కలో తేల్చాడు.

కరపత్రం ఈసారి మళ్ళీ అచ్చుకి ఇస్తున్నాం. "పాముకు చెవుడు" అన్న వాక్యం కొట్టేశాను. దాని చోట "పాముకు కొన్ని లోతు శబ్దాలు వినపడతాయి. అది ఊగేది పాటకి కాదు, ఎదురుగా కదిలే వస్తువుకి. కరిస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆసుపత్రికి పదండి" అని రాశాను. ప్రెస్సు ఆయన లెక్కేసి చూసి, రెండు వరుసలు ఎక్కువైంది, పేజీలో పట్టదు అంటున్నాడు. నాగుపాము బొమ్మ తీసేయమన్నాను.